సంతకం అక్కరలేని అమ్మకం

“అమ్మేశారా? అయితే మనల్ని కూడా కలిపే అమ్మారా?” అంది అమ్మ.

2025 మార్చి. సాయంత్రం అయిదున్నర. తార్నాకలో మా ఇంటి మెట్ల మీద కూర్చుని అమ్మ నడక బూట్లు తొడుక్కుంటోంది. నేను ఫోనులో వార్త చదివి వినిపించాను. నియాంటిక్ అనే అమెరికన్ కంపెనీ తన ఆటల విభాగాన్ని స్కోప్లీ అనే మరో కంపెనీకి 350 కోట్ల డాలర్లకి అమ్ముతోంది. ఆ ఆటల్లో మేమిద్దరం ఏడేళ్లుగా ఆడుతున్న పోకెమాన్ గో కూడా ఉంది. అమ్మ ప్రశ్నకి నాకు నవ్వొచ్చింది. జవాబు మాత్రం దొరకలేదు. ఇప్పుడు రాస్తున్నది ఆ జవాబు కోసమే.

ఈ ఆట తెలియని వాళ్లకి రెండు మాటలు చెప్పాలి. 2016 జులైలో వచ్చింది. మన దేశానికి అధికారికంగా ఆ ఏడాది డిసెంబరులో చేరింది. ఫోను తెరిస్తే మన వీధే పటంలా కనిపిస్తుంది. ఆ పటం మీద జపాన్ వాళ్లు ఊహించిన చిన్న చిన్న వింత జీవులు తిరుగుతుంటాయి. వాటిని పట్టుకోవాలి. వీధిలో నిజంగా ఉన్న విగ్రహం, గుడి, గోడమీది బొమ్మ ఆటలో మజిలీలవుతాయి. ఇంట్లో కూర్చుంటే ఆట సాగదు, నడవాలి. కొన్ని గుడ్లు రెండు కిలోమీటర్లు నడిస్తే పొదుగుతాయి, కొన్ని అయిదు, కొన్ని పది.

అరవైకి దగ్గరవుతున్న మా అమ్మ ఈ ఆటలోకి ఎలా వచ్చిందో చెబితే తప్ప ఆమె ప్రశ్న బరువు తెలియదు.

నాన్న పోయాక 2018లో అమ్మ గుంటూరు నుంచి నా దగ్గరికి వచ్చేసింది. షుగరు. రోజూ ముప్పావుగంట నడవమన్నారు డాక్టరు. అమ్మ నడవలేదు. మోకాళ్ల నొప్పి కాదు కారణం. “పనీ పాటా లేకుండా రోడ్ల మీద తిరగడం ఏమిటే, చూసేవాళ్లు ఏమనుకుంటారు?” అనేది. కూరగాయలకని పంపితే మాత్రం ఎంత దూరమైనా నడిచి వెళ్లొచ్చేది. చేతిలో సంచీ ఉంటే కాళ్లు కదిలేవి. సంచీ లేకపోతే గుమ్మం దాటేవి కావు.

శిల్పా ఫడ్కే, సమీరా ఖాన్, శిల్పా రానడే ముంబయి వీధుల మీద పరిశోధన చేసి 2011లో ‘వై లాయిటర్?’ అనే పుస్తకం తెచ్చారు. స్త్రీ బయట కనబడాలంటే ఏదో పని మీద ఉన్నట్టు కనబడాలి, ఊరికే నిలబడే హక్కు ఆమెకి లేదు, ఆ హక్కునే అడగాలి అన్నది అందులో వాదం. ఆ పుస్తకాన్ని నేను తరగతిలో చాలాసార్లు చెప్పాను. ఇంట్లో చెబితే అమ్మ శ్రద్ధగా విని, “బాగా రాశారు” అని వంటింట్లోకి వెళ్లిపోయింది. చివరికి విసిగిపోయి ఆమె ఫోనులో ఈ ఆట పెట్టాను. నాలుగో రోజు సాయంత్రం తనే వచ్చి, “లేవవే, గుడ్డు పొదగాలి” అంది. సంచీ దొరికింది.

అప్పటి నుంచి మేం నడుస్తూనే ఉన్నాం. యూనివర్సిటీ ఆవరణలో చెట్ల కింద, రైల్వే క్వార్టర్ల పక్క దారిలో. ఆటలో పరిచయమైన వాళ్లు తాము నడిచిన చోటి ఫొటోతో పోస్టుకార్డులు పంపుతారు. జపాన్ నుంచి ఒకరు పంపిన రాతి దీపస్తంభాల కార్డుని అమ్మ దాచుకుంది. పంపింది ఆడో మగో కూడా తెలియదు. “ఆవిడ కూడా సాయంత్రాలే నడుస్తుందేమో” అంటుంది అమ్మ. ఆవిడే అని నిర్ణయించేసుకుంది.

అమ్మకం విషయానికి వస్తాను. ప్రకటన మార్చి 12న వచ్చింది. మే 29న అమ్మకం పూర్తయింది. ఆటతో పాటు దాన్ని తయారుచేసే బృందం కూడా కొత్త యజమాని దగ్గరికి వెళ్లింది. కానీ ఇన్నేళ్ల ఆటలో పెరిగిన మరో ఆస్తి ఉంది. ఆటగాళ్లలో కొందరు విగ్రహాల చుట్టూ, గుళ్ల చుట్టూ తిరిగి ఫోను కెమెరాతో తీసి పంపిన దృశ్యాలు. వాటి సాయంతో యంత్రాలకి భూమ్మీద స్థలాలని గుర్తుపట్టడం నేర్పే నమూనా ఒకటి తయారుచేస్తున్నామని నియాంటిక్ 2024 నవంబరులో ప్రకటించింది. అమ్మకంలో ఆ సాంకేతికతని స్కోప్లీకి ఇవ్వలేదు. నియాంటిక్ స్పేషియల్ అనే కొత్త కంపెనీ పెట్టి అందులో ఉంచుకున్నారు. మన భాషలో చెప్పాలంటే ఇల్లు ఒకరికి, ఇంటి స్థలం ఇంకొకరికి.

ఆటగాళ్ల భయాలు రకరకాలు. ప్రకటనలు నింపేస్తారేమో, ప్రతిదానికీ డబ్బు అడుగుతారేమో, ఎక్కడెక్కడ ఏ వేళకి నడిచామో ఆ లెక్కంతా ఎవరి చేతికి పోతుందో, లాభం తగ్గిన రోజున మూసేస్తారేమో. ఇవి గాలిలోంచి పుట్టినవి కావు. పిల్లల ఆట క్లబ్ పెంగ్విన్‌ని డిస్నీ 2007లో కొని 2017 మార్చిలో మూసేసింది. అలాగని పాత యజమాని దయామయుడనీ కాదు. హ్యారీ పాటర్ పేరుతో తెచ్చిన నడక ఆటని నియాంటిక్ 2022 జనవరిలో తనే ఆపేసింది.

ఎక్కువ గొడవ జరిగింది కొన్నవాళ్ల గురించి. స్కోప్లీని 2023లో 490 కోట్ల డాలర్లకి సావీ గేమ్స్ అనే సంస్థ కొంది. దాని యజమాని సౌదీ అరేబియా ప్రభుత్వ పెట్టుబడి నిధి. ఆ నిధికి అధ్యక్షుడు యువరాజు మహమ్మద్ బిన్ సల్మాన్. ఇదే దేశంలో 2001లో మతాధికారులు పోకెమాన్ కార్డుల ఆట జూదమని నిషేధించారు. ఇదే దేశంలో 2018 జూన్‌లో స్త్రీలకి కారు నడిపే అనుమతి ఇస్తూ, ఆ అనుమతి కోసం పోరాడిన లుజైన్ అల్ హత్‌లూల్‌ని ఒక నెల ముందు అరెస్టు చేశారు. జైల్లో చిత్రహింసలు పెట్టారని ఆమె కుటుంబం చెప్పింది, ప్రభుత్వం కాదంది. 2021 ఫిబ్రవరిలో గానీ ఆమె బయటికి రాలేదు. ఆడవాళ్లు స్వేచ్ఛగా తిరగాలని అడిగినందుకు జైలు చూపించిన రాజ్యం, మా అమ్మని గుమ్మం దాటించిన ఆటకి యజమాని అయింది. ఈ మాట రాస్తుంటే నాకు కడుపులో తిప్పుతుంది.

కానీ ఇక్కడ నన్ను నేను ఆపి అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. ఈ కోపం ఇంతకుముందు ఎందుకు రాలేదు? నియాంటిక్ వ్యవస్థాపకుడు జాన్ హాంకే అంతకుముందు నడిపిన పటాల కంపెనీ కీహోల్‌లో అమెరికా గూఢచారి సంస్థ కోసం నడిచే పెట్టుబడి సంస్థ డబ్బు పెట్టింది. 2004లో గూగుల్ ఆ కంపెనీని కొంది. వీధుల ఫొటోలు తీసే గూగుల్ కార్లు ఇళ్లలోని వై-ఫై సమాచారాన్ని కూడా పట్టుకెళ్లాయని 2010లో బయటపడింది. నియాంటిక్ ఆ గూగుల్ లోపలే పుట్టింది. ఇవన్నీ నాకు తెలుసు. తెలిసే అమ్మ ఫోనులో ఆట పెట్టాను. అమెరికా డబ్బు నాకు గాలిలా కనిపించింది, అంటే కనిపించనే లేదు. సౌదీ డబ్బు కనిపించగానే దానికి గడ్డం, తలపాగా తగిలించి చూశాను. హైదరాబాదులో ఉంటూ ఇలా చూడడం ఎంత ప్రమాదమో నాకు వేరే చెప్పక్కర్లేదు. గల్ఫ్ మనకి దూరం కూడా కాదు. కడప నుంచి, గోదావరి జిల్లాల నుంచి ఎందరు ఆడవాళ్లు అక్కడి ఇళ్లలో పనికి వెళ్లలేదు? వాళ్లు పంపిన డబ్బుతో ఇక్కడ పిల్లలు చదువుకోలేదూ?

అందువల్ల లుజైన్‌కి జరిగింది చిన్నదైపోదు. కొన్నవాళ్లు చెడ్డవాళ్లనే కోపంతోనే ఆగిపోతే మంచివాళ్లు కొని ఉంటే పర్వాలేదనే అర్థం వస్తుందని మాత్రం చెబుతున్నాను. అమ్మ అడిగింది ఎవరికి అమ్మారని కాదు. మనల్ని కూడా కలిపే అమ్మారా అని.

ఆ ప్రశ్న ఆమెకి ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలుసు.

తెనాలి దగ్గర అమ్మవాళ్ల ఊళ్లో ఒక పెంకుటిల్లు ఉండేది. పదేళ్ల వయసు నుంచి ఆ ఇంటి అరుగు అలకడం, ముగ్గు పెట్టడం అమ్మ పని. బావి పక్కన పారిజాతం చెట్టు నాటింది తనే. 1983లో పెళ్లయి గుంటూరు వచ్చేసింది. 1994లో తాతయ్య, మావయ్యలు ఆ ఇల్లు అమ్మేశారు. అమ్మకి ఆ సంగతి నాలుగు నెలల తర్వాత ఒక పెళ్లిలో, పక్క బంతిలో కూర్చున్న దూరపు చుట్టం ద్వారా తెలిసింది. మావయ్యని అడిగితే, “నీ సంతకం అక్కర్లేదన్నారమ్మాయ్, అందుకే నీకు శ్రమ ఇవ్వలేదు” అన్నాడట.

మావయ్య అబద్ధం చెప్పలేదు. అప్పటి చట్టం ప్రకారం ఆమె సంతకం నిజంగానే అక్కర్లేదు. ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లకి పుట్టుకతోనే వాటా ఇస్తూ ఆంధ్రప్రదేశ్ తెచ్చిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకి వచ్చింది. అంతకుముందే పెళ్లయిన కూతుళ్లకి అది వర్తించదు. అమ్మ రెండేళ్లు ముందు పెళ్లి చేసుకుంది, అంతే. 2005లో కేంద్ర చట్టం ఆ తేడా తీసేసింది. కానీ 2004 డిసెంబరు 20కి ముందు జరిగిన అమ్మకాల జోలికి అది పోదు. ప్రతిసారీ చట్టం ఆమెని దాటుకుని వెళ్లింది.

“వాటా నాకెందుకే” అంటుంది అమ్మ ఇప్పటికీ. “ఒక్క మాట చెబితే వెళ్లి ఒకసారి చూసుకుని వచ్చేదాన్ని. పారిజాతం కొమ్మ ఒకటి తెచ్చుకునేదాన్ని.”

నా పీహెచ్‌డీ తెలుగు కథల్లో ఇల్లు మీద. పి. సత్యవతిగారి ‘ఇల్లలకగానే’ గురించి అందులో ఒక అధ్యాయమే ఉంది. ఇల్లు అలికి అలికి తన పేరే మర్చిపోయిన ఇల్లాలి కథ. ఇంటిని స్త్రీ ఎంత తనదనుకుంటే తనకి తాను అంతగా పోగొట్టుకుంటుందని అప్పట్లో రాశాను. ఆ అధ్యాయం రాస్తున్నప్పుడు మా అమ్మ అరుగు నాకు గుర్తే రాలేదు. వార్త చదివిన సాయంత్రం గుర్తొచ్చింది.

ఎందుకంటే ఆటలో కూడా మేం అలికాం. మజిలీల్లో చాలావాటిని కంపెనీ వెతకలేదు, ఆటగాళ్లే సూచించారు. 2021లో ఒకరోజు అమ్మ దారిపక్క వేపచెట్టు కింద చిన్న పోచమ్మ గుడి చూపించి, “మా ఊరి పోలేరమ్మలాగే ఉంది, ఈవిడ ఎందుకు లేదే ఇందులో?” అంది. నేను ఫొటో తీసి, గుడి గురించి నాలుగు వాక్యాలు రాసి పంపాను. దాన్ని పరిశీలించి సరేనన్నది కూడా వేరే ఆటగాళ్లే, వాళ్లకీ జీతం లేదు. కొన్ని వారాలకి పోచమ్మ పటం మీదికి వచ్చింది. ఆ రోజు అమ్మ కొబ్బరికాయ కొట్టింది.

ఇలాంటి పనిని ఏమనాలి? టిజియానా టెర్రానోవా 2000లోనే ఇంటర్నెట్ మీద జనం సరదాగా చేసే పనులు కంపెనీలకి ఉచిత శ్రమ అవుతున్నాయని రాసింది. అంతకు పాతికేళ్ల ముందు, 1975లో, సిల్వియా ఫెదరిచి ఇంటిపనికి ప్రేమ అని పేరు పెట్టడం వల్లే అది పని అని కనబడకుండా పోతోందని వాదించింది. ఈ రెండింటినీ కలిపి ఆటగాళ్లందరూ దోపిడీకి గురైన శ్రామికులని తేల్చేయడం సులువు. నాకు అంత సులువు నచ్చదు. పోచమ్మ ఫొటో తీయడం, నలుగురి ఎంగిలి పళ్లాలు తోమడం ఒకటి కావు. మమ్మల్ని ఎవరూ బలవంతపెట్టలేదు. ఆ సాయంత్రాలు మాకు సంతోషాన్నిచ్చాయి. అమ్మ షుగరు కూడా తగ్గింది.

కానీ అమ్మ ఆ అరుగు కూడా ఇష్టంగానే అలికింది కదా. పారిజాతం ఎవరూ నాటమని చెప్పలేదు కదా. ఇష్టంగా చేశారు కాబట్టి మీకు ఏమీ రాదు అనే మాట ఎవరికి పనికొస్తుంది? అమ్ముకునేవాళ్లకి. బలవంతం ఉంటేనే అన్యాయం అనుకోవడం మనకి అలవాటు చేశారు. ప్రేమతో ఒక చోటుని నివాసయోగ్యం చేసినవాళ్ల పట్ల ఆ చోటు యజమానికి బాధ్యత ఉంటుందా? అసలు ప్రశ్న అది.

ఒప్పందం ప్రకారం ఉండదు. ఆట మొదలుపెట్టేటప్పుడు ‘అంగీకరిస్తున్నాను’ అని మేం నొక్కిన పత్రంలో ఆటలో సంపాదించినదేదీ మాది కాదనే ఉంది. నచ్చకపోతే మానేయవచ్చు కదా అంటారు. ‘నచ్చకపోతే వెళ్లిపో’ అనే మాట ఆడవాళ్లకి కొత్త కాదు. వెళ్లిపోయేటప్పుడు ఏం వదిలేసి వెళ్లాలో అనేవాళ్లెప్పుడూ చెప్పరు. ఏడేళ్ల నడక, జపాన్ ఆవిడ కార్డు, సాయంత్రం గుమ్మం దాటే అలవాటు. ఇవన్నీ ఒక గదిలో పెట్టి తాళం వాళ్ల దగ్గర ఉంచుకుని, వెళ్లే స్వేచ్ఛ మీకుంది అంటున్నారు.

అయినా ఆటగాళ్లు పూర్తిగా నిస్సహాయులేమీ కాదు. 2020లో కరోనా వచ్చినప్పుడు మజిలీని అందుకునే దూరాన్ని 40 మీటర్ల నుంచి 80కి పెంచారు. 2021 ఆగస్టులో అమెరికాలో, న్యూజిలాండ్‌లో తగ్గించబోతే ప్రపంచమంతా గోల చేసింది. అదే నెలలో కంపెనీ వెనక్కి తగ్గి 80 మీటర్లే ఖాయం చేసింది. 40 మీటర్ల తేడా అంటే ఏమిటో చక్రాల కుర్చీలో ఉన్నవాళ్లకి తెలుసు. చీకటి సందులోకి పోకుండా దీపాలున్న రోడ్డు మీదే నిలబడదలచిన ఆడవాళ్లకీ తెలుసు. సిటీ ఆఫ్ హీరోస్ అనే ఆట 2012 నవంబరులో మూతపడితే, దాన్ని ప్రేమించినవాళ్లు గుట్టుగా బతికించుకున్నారు. 2024 జనవరిలో అసలు కంపెనీయే వాళ్లలో ఒక బృందానికి నడుపుకోమని అనుమతి ఇచ్చింది. 2024 మార్చిలో ఒక ఫ్రెంచి కంపెనీ తన కార్ల ఆటని ఆపేసి, కొన్నవాళ్లకి కూడా పనికిరాకుండా చేసింది. ఆ తర్వాత మొదలైన ఉద్యమం ఐరోపాలో 10 లక్షలకి పైగా సంతకాలు సేకరించింది. ఆటని చంపకండి, వదిలేసేటప్పుడు ఆడదగ్గ స్థితిలో వదిలేయండి అన్నది వాళ్ల కోరిక. అడగని సంతకాన్ని వాళ్లంతట వాళ్లే పెట్టారు.

నాకు మొదట ‘ఒక్క మాట చెబితే చాలు’ అన్న అమ్మ మాటే న్యాయంగా తోచింది. అమ్మేముందు చెప్పాలి, మా నడకల లెక్క ఎక్కడికి పోతుందో చెప్పాలి, కావాలంటే తుడిచేసుకునే దారి చూపాలి, మూసేస్తే మా గుర్తులు మాకివ్వాలి. ఇంతే అని ఒక పట్టిక రాసుకున్నాను. మర్నాడు చదువుకుంటే సిగ్గేసింది. అది పారిజాతం కొమ్మ అడగడమే. ఇల్లు అడగడానికి నోరు రాని తరం కొమ్మ అడిగింది. అడగడం మర్యాద కాదని నేర్చుకున్నవాళ్లు తమ కోరికని ఎంత చిన్నది చేసుకోగలరో అంత చేసుకుంటారు. ఆ చిన్న కోరికని వాళ్ల ఔన్నత్యమని మనం కథలు రాస్తాం. 1985 సవరణ, 2005 చట్టం కొమ్మ అడిగినందువల్ల రాలేదు. వాటా అడిగినందువల్ల వచ్చాయి.

ఇక్కడ వాటా అంటే డబ్బే కాకపోవచ్చు. మేం చూపించిన గుళ్లు, మేం నడిచిన దారులు ఎవరికి ఇవ్వాలి, దేనికి వాడాలి అన్న చోట ఆటగాళ్ల మాటకి విలువ ఉండాలి. కాదనే హక్కు ఉండాలి. ఇది వినడానికి అతిగా ఉందని నాకు తెలుసు. పెళ్లయిన కూతురికి పుట్టింట్లో వాటా అనే మాట కూడా 1983లో మా ఊళ్లో అతిగానే ఉండేది.

ఇంత రాశాక, నేనేం చేశానని మీరు అడగవచ్చు. మానేయలేదు. ఖాతా తుడిచేయమని అడిగే పేజీ తెరిచి రెండుసార్లు మూసేశాను. కొత్త స్థలాలు సూచించడం మాత్రం ఆపేశాను. మా వీధి చివర కొత్తగా వేసిన గోడబొమ్మ ఒకటుంది, ఫొటో తీయలేదు. ఇది నిరసన అని నాకు నేను చెప్పుకుంటాను. కంపెనీకి తెలియని నిరసన.

అమ్మకం పూర్తయిన వారం, నడక మధ్యలో వేపచెట్టు దగ్గర ఆగాం. అమ్మ ఫోను చూస్తూ అడిగింది, “మన పోచమ్మని వాళ్ల దగ్గర్నుంచి తీసేసుకోవచ్చా?”

“గుడి ఇక్కడ ఉన్నన్నాళ్లూ కుదరదమ్మా. ఒకసారి ఇచ్చాక మనది కాదు.”

“ఎవరిచ్చారు? నువ్వేగా” అంది.

ఔను, నేనే. మూడేళ్లు అధ్యాయం రాసి డాక్టరేటు పుచ్చుకున్నదాన్ని, పోచమ్మని ఇచ్చేటప్పుడు ఆ బస్తీలో ఎవరినైనా అడిగానా? రోజూ పొద్దున్నే గుడి ముందు ఊడ్చి పసుపు పెట్టే ఒకావిడ ఉంటుంది. ఆవిడ సంతకం నాకూ అక్కర్లేకపోయింది.

మర్నాడు పొద్దున్నే వెళ్లి ఆవిడతో చెప్పాను. ఫోనులో గుడి బొమ్మ చూపించాను. ఆవిడ చీపురు చంకలో పెట్టుకుని, కొంగుతో చెయ్యి తుడుచుకుని, తెరని చాలాసేపు చూసింది.

“దీంతోని వాళ్లకేమొస్తదమ్మా?” అంది.

నాకు తెలిసినంత చెప్పడం మొదలుపెట్టాను.